మోగని సైరన్ ఏం చెబుతోంది?

(ఇంజనీర్ల దినోత్సవం నాడు అమలాపురంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్ ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందుగా మన్నించాలి, ఐదు నిమిషాలు ఆలస్యమైంది. కారు దిగి ఇదిగో ఈ పక్క తలుపు దగ్గరికి వెళ్లాను. తెరుచుకోలేదు. చుట్టూ తిరిగి ముందు వైపు నుంచి వచ్చాను. ఆ తలుపు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను మరిచిపోతే ముందు వరుసలో ఉన్నవారు గుర్తుచేయండి.

ఈ రోజున విశ్వేశ్వరయ్య గారి గురించి మాట్లాడటం ఆనవాయితీ. మన జిల్లాలో అయితే కాటన్ దొర గురించి. వాళ్ల గురించి మీకు నాకంటే బాగా తెలుసు. నేను నా ఉద్యోగమంతా చేసిన పని వేరు. ఎక్కడైనా ఏదైనా హద్దు మీరితే యంత్రాన్ని ఆపేదో, గంట కొట్టేదో, కవాటం మూసేదో ఒక ఏర్పాటు ఉంటుంది కదా, అది పెట్టడం, అది బతికే ఉందా లేదా అని చూడటం. దీన్ని ఫంక్షనల్ సేఫ్టీ అంటారు. ‘క్రియాత్మక భద్రత’ అని తెలుగు చేసినవారు ఉన్నారు. మాట గంభీరంగానే ఉంది, కానీ మా ఆవిడకు చెబితే యోగాసనమా అని అడిగింది. కాబట్టి మాట వదిలేసి విషయం చూద్దాం.

ఏటిగట్టు ఉంది. అది మనల్ని ఎలా కాపాడుతుంది? ఊరికే ఉండి కాపాడుతుంది. దానికి చూడాల్సిన పని లేదు, ఆలోచించాల్సిన పని లేదు. ఇప్పుడు ధవళేశ్వరం తీసుకోండి. నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇక్కడ ఎవరో ఒకరు కొలవాలి. కొలిచిన అంకె హద్దు దాటిందో లేదో తేల్చాలి. తేల్చాక లంకల్లో ఉన్నవాళ్ల దగ్గరికి పడవ వెళ్లాలి. చూసేది, తేల్చేది, చేసేది. ఈ మూడూ సమయానికి పనిచేస్తేనే రక్షణ. కొలత సరిగ్గా ఉంది, హెచ్చరిక ఇచ్చేశారు, పడవ రాలేదు. అప్పుడు ఆ కొలత ఎవరికి పనికొచ్చింది? ఫంక్షనల్ సేఫ్టీ అంటే ఈ రెండో రకం రక్షణ. ఏదో ఒకటి జరగాలి, జరిగితేనే మనం బతుకుతాం.

సరే, ఒక ప్రశ్న. మీ ఇంట్లో మెయిన్ స్విచ్ పక్కన, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్నవాళ్లు చేతులెత్తండి. పెద్దవాళ్లు దాన్ని ఈఎల్‌సీబీ అని కూడా అంటారు. చాలామందికి ఉంది. సంతోషం. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న బొత్తాం ఉంటుంది. కిందటి నెలలో దాన్ని నొక్కినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకరు... ఇద్దరు. మీరు ఎలక్ట్రికల్ విభాగం లెక్చరర్ కదండీ, మిమ్మల్ని లెక్కలోకి తీసుకోను.

30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే అది కరెంటు ఆపేయాలి. తడి చేతుల్తో గీజర్ ముట్టుకున్న పిల్లవాడి ప్రాణం దాని మీద ఉంది. కానీ ఆలోచించండి. ఫ్యాను చెడిపోతే ఆ నిమిషంలోనే తెలుస్తుంది, ఉక్కపోస్తుంది. ఫ్రిజ్ చెడిపోతే పాలు విరుగుతాయి. ఆర్‌సీసీబీ లోపల మీట బిగుసుకుపోతే? ఏమీ కాదు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి ఏమీ కాదు. అది చెడిపోయిందని మీకు మొదటిసారి తెలిసేది దానితో అవసరం పడిన రోజున. మామూలు యంత్రం చెడితే అరుస్తుంది. రక్షణ యంత్రం చెడితే నోరు మెదపదు, బాగున్నప్పుడూ నోరు మెదపదు. రెండు మౌనాలూ ఒకేలా ఉంటాయి. నా ఉద్యోగమంతా ఈ రెండు మౌనాల మధ్య తేడా కనిపెట్టడమే. ఇంకేం లేదు.

వెనక వరుసల్లో రైతులు కూర్చున్నారు, చెరువుల వాళ్లు. మీకోసం మీ సంగతే చెబుతాను. నా దగ్గరి బంధువు ఒకాయన వనామి రొయ్యలు పెంచుతాడు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఎప్పుడు మరీ ప్రమాదం? తెల్లవారుజామున. పగలంతా నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అది కూడా మనలాగే పీల్చుకుంటుంది. పొద్దుపొడిచే ముందు డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అట్టడుగున ఉంటుంది. అందుకని ఆయన కాపలా పాకలో ఒక సైరన్ పెట్టించాడు. కరెంటు ఉన్నంతసేపూ ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పట్టుకుని ఉంటుంది. కరెంటు పోగానే రిలే వదిలేస్తుంది, బ్యాటరీ మీద సైరన్ మోగుతుంది. చక్కటి ఏర్పాటు. తీగ తెగినా, కరెంటు పోయినా మోగుతుంది. చెడితే అరిచే వైపుకు చెడేటట్టు కట్టారన్నమాట. అది కట్టిన ఎలక్ట్రీషియన్ పదో తరగతి దాటలేదు, కానీ సూత్రం తెలుసు.

మరి ఒకరోజు ఏమైంది? మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. ఆ రిలేను కట్టింది వేరే ఫేజు మీద. అది నిక్షేపంగా పట్టుకునే ఉంది. పాకలో బల్బు వెలుగుతోంది. సైరన్ మోగలేదు. కాపలా కుర్రాడు బల్బు చూసి అంతా బాగుందనుకుని పడుకున్నాడు. మోటార్లు రెండు ఫేజుల మీద కాసేపు మూలిగి, వేడెక్కి, ఒకదాని తర్వాత ఒకటి కాలిపోయాయి. తెల్లారి చూస్తే గట్టు పొడుగునా రొయ్యలు తేలి ఉన్నాయి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండాలి కదా అని మీరంటారు. ఉంది. ఒక ఫేజు పోతే అది మోటారును ఆపేస్తుంది, అంతే. మాటిమాటికీ ఆపేస్తోందని దాన్ని కిందటి పంటలోనే తీసి డబ్బాలో పెట్టారు.

ఈ కథలో మనం పట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆయన సైరన్ పెట్టుకున్నది కరెంటు కోసం కాదు. ఆయనకు కావలసింది ఏరేటర్ల రెక్కలు తిరగడం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నీళ్లలో ఆక్సిజన్. కొలిచింది ఒకటి, కావలసింది ఇంకొకటి. ఏది కాపాడాలో రాయకుండానే దేన్నో ఒకదాన్ని కొలవడం మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలలో కూడా ఇదే తప్పు చూశాను, సున్నాలు మాత్రం ఎక్కువ.

ఇంకో విషయం చూడండి. బాయిలర్ ఉంది, దానికి భద్రమైన స్థితి ఏది? ఆగిపోవడం. అనుమానం వస్తే ఆపేయ్. రైలుకూ అంతే. పట్టాల మీద సన్నటి కరెంటు ఒక రిలేను పట్టుకుని ఉంచుతుంది. బండి వస్తే ఆ కరెంటు చక్రాల గుండా దారి మళ్లి రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా ఎరుపే. 1872లో కనిపెట్టిన ఏర్పాటు, ఈనాటికీ నడుస్తోంది. మరి ఏరేటర్? అక్కడ ఆగడమే ప్రమాదం. ఆసుపత్రిలో వెంటిలేటర్ కూడా అంతే. ధవళేశ్వరంలో 175 గేట్లు ఉన్నాయి. వాటికి భద్రమైన స్థితి ఏది? వరదలో తెరిచి ఉండటం. వేసవిలో? మూసి ఉండటం, లేకపోతే కాలువలకు నీళ్లు ఎక్కవు. కాబట్టి ‘ఫెయిల్ సేఫ్’, అంటే చెడినా భద్రమైన వైపుకే చెడుతుంది, అనే మాట విద్యార్థులు ఊరికే వాడకండి. ఎటువైపు సేఫ్ అని నిన్ను నువ్వు అడుగు. జవాబు ఒక్కోసారి రుతువును బట్టి మారుతుంది.

ఇప్పుడు బాయిలర్ కథ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది. ఉప్పుడు బియ్యం మిల్లు, ఊరి పేరు చెప్పను. ఊకతో నడిచే బాయిలర్. బాయిలర్లో నీళ్లు తగ్గితే గొట్టాలు ఎర్రగా కాలి పగులుతాయని మీకు తెలుసు. అందుకని పక్కన ఒక చిన్న గదిలో తేలే బెండు, అంటే ఫ్లోట్ ఉంటుంది. నీళ్లు తగ్గితే బెండు దిగి స్విచ్ విడిపోతుంది. గాలి పంకా ఆగాలి, ఊక పడటం ఆగాలి, గంట మోగాలి. నేను ప్యానెల్ తెరిచి చూశాను. ఆ స్విచ్ రెండు టెర్మినళ్ల మధ్య జానెడు రాగి తీగ. అంటే స్విచ్ విడిపోయినా కరెంటు ఆ తీగ గుండా పోతూనే ఉంటుంది, ఏదీ ఆగదు. రెండు కొసలూ చక్కగా చుట్టి, మరలు బిగించి ఉన్నాయి. తీగ పాతబడి పచ్చటి చిలుము పట్టింది. అంటే నిన్నా మొన్నా పెట్టింది కాదు.

కుర్రతనం కదా, ఎవరు పెట్టారిది అని అరిచాను. బాయిలర్ దగ్గర మంట చూసుకునే ఫైర్‌మన్ పెద్దాయన. తువ్వాలుతో మొహం తుడుచుకుని నింపాదిగా అన్నాడు: “నేనే పెట్టానండీ. అది రోజుకు నాలుగుసార్లు ఉత్తినే ఆపేస్తుంది. ఆవిరి పడిపోతే వడ్లు సగం ఉడికి పాడవుతాయి. షావుకారు గారు నన్ను తిడతారు. మీరు వచ్చి తిట్లు తింటారా?”

నేనేం చెప్పను? ఫ్లోట్ గది విప్పించాను. లోపల సున్నపు పొక్కు, మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. బెండు ఆ పొక్కుకు ఆనుకుని సగంలో ఆగుతోంది. నీళ్లు నిండుగా ఉన్నా లేవని చెబుతోంది. ఆ గది కింద డ్రెయిన్ కవాటం ఉంటుంది. షిఫ్టుకు ఒకసారి తెరిచి బురద వదలాలి. వదిలితే ఏమవుతుంది? గదిలో నీళ్లు పోయి బెండు దిగి స్విచ్ విడిపోతుంది, పంకా ఆగుతుంది. శుభ్రమూ అయింది, పరీక్షా అయింది! ఒకే పనిలో రెండూ. కానీ ఆ కవాటం పిడి ఎప్పుడో ఊడిపోయింది. పిడి ఖరీదు ఆ రోజుల్లో ఎంతో ఊహించుకోండి.

‘నాన్నా పులి’ కథ మనందరం విన్నాం. ఆ కుర్రవాణ్ని అందరూ తిడతారు. నా మటుకు నాకు, పులి తిరిగే చోట ఒక్క కుర్రవాణ్ని కాపలా పెట్టి, వాడి మాట సరిచూసే రెండో దారి పెట్టుకోని ఊరిపెద్దలదే తప్పనిపిస్తుంది. ఉత్తుత్తి ఆపుడు చిన్న చికాకు కాదు. తీగముక్కకు అదే తల్లి. తప్పు తీగ తీసేసి, ఫైర్‌మన్‌కు మెమో ఇచ్చి వచ్చేస్తే నెల తిరక్కుండా ఇంకో తీగ పుడుతుంది, ఈసారి ఇంకా కనపడని చోట.

ఇంకొక చిన్న మెలిక ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. గ్యాసు అయితే కవాటం మూయగానే మంట పోతుంది. ఊక అలా కాదు. పంకా ఆపినా నిప్పు కణకణలాడుతూ కొంతసేపు కాలుతూనే ఉంటుంది. ఆ కొంతసేపూ నీళ్లు మరుగుతూనే ఉంటాయి. కాబట్టి స్విచ్ విడిపోయే మట్టం ఎక్కడ పెట్టాలి? ఆపిన తర్వాత కూడా నిప్పు చల్లారేదాకా నీళ్లు మిగిలేంత ఎత్తులో పెట్టాలి. ప్రమాదం మొదలైనప్పటి నుంచి నష్టం జరిగేదాకా మన చేతిలో ఎంత సమయం ఉంది, మన ఏర్పాటుకు ఎంత సమయం పడుతుంది? రెండోది ఎక్కువైతే అన్నీ సరిగ్గా పనిచేసి కూడా మునుగుతాం.

కాస్త లెక్క చేద్దాం, భయపడకండి, కూడికలు తీసివేతలే. ఆ ఫ్లోట్ స్విచ్ సగటున పదేళ్లకు ఒకసారి ప్రమాదం వైపుకు చెడుతుందనుకోండి. ఏడాదికి ఒకసారి పరీక్ష చేస్తాం. చెడేది పరీక్ష అయిన మర్నాడు కావచ్చు, వచ్చే పరీక్ష ముందు రోజు కావచ్చు. సగటున ఆరు నెలలు అది చచ్చి ఉంటుంది, మనకు తెలియదు. పదేళ్లలో ఆరు నెలలు అంటే 20లో ఒకటి. నీళ్లు తగ్గిన రోజున అది పనిచేయకపోయే అవకాశం 20లో ఒకటి. ఇప్పుడు అదే స్విచ్, అదే తీగ, నెలకోసారి పరీక్ష చేద్దాం. సగటున పదిహేను రోజులు చచ్చి ఉంటుంది. 240లో ఒకటి. ఏం కొన్నాం? ఏమీ కొనలేదు. పిడి తిప్పాం, అంతే.

ఈ లెక్కకే ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక ప్రమాణం ఉంది, ఐఈసీ 61508. ఏడు భాగాలు. 1998 నుంచి 2000 మధ్య వచ్చింది, 2010లో తిరగరాశారు. అందులో నాలుగు మెట్లు ఉంటాయి, ‘సిల్’ అంటారు, సేఫ్టీ ఇంటెగ్రిటీ లెవెల్ అని. అరుదుగా పిలుపు వచ్చే రక్షణ ఏర్పాటు, పిలిచినప్పుడు పలకకపోయే అవకాశం పదిలో ఒకటి నుంచి వందలో ఒకటి దాకా ఉంటే మొదటి మెట్టు. వంద నుంచి వెయ్యి దాకా రెండోది. అలా ఒక్కో మెట్టుకూ పదేసి రెట్లు. మన 20లో ఒకటి మొదటి మెట్టు, 240లో ఒకటి రెండో మెట్టు, అంకె వరకు చూస్తే. బండ్లు గుద్దుకోకుండా ఆపడానికి రైళ్లకు పెడుతున్న ‘కవచ్’ నాలుగో మెట్టు. అలా ఎడతెగకుండా కాపలా కాసే వాటికి లెక్క గంటల్లో ఉంటుంది. నాలుగో మెట్టంటే ప్రమాదకరంగా చెడటం సగటున పది కోట్ల గంటలకు ఒకసారి కంటే తక్కువ ఉండాలి. పది కోట్ల గంటలంటే పదకొండు వేల ఏళ్ల పైచిలుకు.

పిల్లలూ, ఈ అంకె చూసి పొంగిపోకండి. డబ్బా మీద ‘సిల్ 3’ అని ముద్ర ఉంటే చూసేది, తేల్చేది, చేసేది అనే గొలుసుకంతటికీ ఆ మెట్టు రాదు. 2005 డిసెంబరు 11, ఆదివారం, ఇంగ్లండులో బన్స్‌ఫీల్డ్ అనే చోట పెట్రోలు నిల్వ కేంద్రం. రాత్రంతా ఒక ట్యాంకులోకి పెట్రోలు వస్తోంది. తెల్లవారుజామున మట్టం చూపే గేజి ఒక చోట ఇరుక్కుంది. ట్యాంకు నిండుతోంది, గేజి మాత్రం కదలడం లేదు. అంతకుముందు మూడు నెలల పైచిలుకు కాలంలో ఆ గేజి అలా 14 సార్లు ఇరుక్కుంది, ఎప్పటికప్పుడు కదిపి నడిపించేశారు. సరే, అది తప్పితే ఇంకొకటి ఉంది కదా, పైన విడిగా ఒక స్విచ్, మరీ నిండితే అన్నీ మూసేయడానికి. దానికి పరీక్ష కోసం ఒక మీట ఉంది. పరీక్ష అయ్యాక ఆ మీట సరైన చోట నిలవాలంటే దానికి ఒక తాళంకప్ప వేయాలి. ఆ తాళం దొంగల కోసమేమో అనుకున్నారు. వేయలేదు. మీట జారింది, స్విచ్ పలకలేదు. రెండున్నర లక్షల లీటర్లకు పైగా పెట్రోలు పొంగి పొర్లి, ఆవిరై, పేలింది. ఆదివారం పొద్దున్న కాబట్టి ఎవరూ చనిపోలేదు, 40 మందికి పైగా గాయపడ్డారు. పరీక్ష కోసం పెట్టిన మీటే కొంప ముంచింది! పరీక్ష చేయాలని ఇందాకటి నుంచి మీకు చెబుతున్నాను కదా, పరీక్ష చేశాక మళ్లీ కాపలాలో నిలబెట్టామా లేదా అన్నది కూడా పరీక్షలో భాగమే.

ఇక కంప్యూటర్ వాళ్లు. నవ్వకండి, మీ వంతు వచ్చింది. నా లెక్కంతా తుప్పు పట్టే వస్తువుల లెక్క. ప్రోగ్రాముకు తుప్పు పట్టదు. దానిలో తప్పు ఉంటే మొదటి రోజు నుంచే ఉంటుంది, నెలనెలా పిడి తిప్పితే బయటపడదు. థెరాక్-25 అని క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి లెక్కకు ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది, కొందరు చనిపోయారు. దానిలో ఒక తప్పు వినండి. ‘ఇంకా సరిచూడాలి’ అనే గుర్తును ఒక చిన్న లెక్కగడిలో పెట్టారు. సున్నా కాకపోతే సరిచూడాలి, సున్నా అయితే అక్కర్లేదు. గుర్తు కోసం 1 అని రాయకుండా, ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు. ఆ గడిలో పట్టేది 255 వరకే. 256వ సారి? తిరిగి సున్నా. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటర్ బొత్తాం నొక్కితే సరిచూడకుండా ముందుకు పోయింది. అంతకుముందు వచ్చిన పాత యంత్రంలో ప్రోగ్రాముతో సంబంధం లేని విడి అడ్డుకట్టలు ఉండేవి. ప్రోగ్రాము చూసుకుంటుంది కదా అని కొత్తదానిలో తీసేశారు. మా ఫైర్‌మన్ తీగముక్క పెట్టాడు, వీళ్లు స్విచ్చే తీసేశారు. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

మన దగ్గరి సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మన రాజమహేంద్రవరం బ్రిడ్జి మీదుగానే వెళ్తుంది, మీలో సగం మంది ఎక్కి ఉంటారు. 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ దగ్గర, బహానగ బజార్ స్టేషన్లో, మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ ఉంది, పట్టాలు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి. బండి వెళ్లి ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా పోయారు. ఇందాక నేను అంతగా పొగిడిన రైల్వే సిగ్నల్ వ్యవస్థే అది. పట్టాలు ఎటు తిరిగి ఉన్నాయో సరిచూశాకే పచ్చ ఇవ్వాలి. అంతకుముందు చేసిన మార్పుల్లోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు పనిలోనూ సిగ్నల్ సర్క్యూట్ తీగలు మార్చడంలో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. డిజైన్ చేసిన రోజున అది భద్రమే. మరమ్మతు చేసిన రోజున మళ్లీ మొదటి నుంచి అడగాలి. మార్చిన ప్రతి తీగ తర్వాతా, చిన్నదా పెద్దదా అని చూడకుండా, గొలుసంతా మళ్లీ లాగి చూడాలి. లైను ఖాళీ చేయించి, బండ్లు ఆపి, స్టేషన్ మాస్టర్ చికాకు పడుతున్నా సరే.

సార్ చీటీ పంపారు, సమయం అయిందట. ప్రశ్నలు తీసుకుంటాను. అంతకంటే ముందు, ఆ తలుపు! గుర్తుచేస్తామని ఒక్కరూ చేయలేదు, చూశారా. తలుపు మీద ‘అత్యవసర ద్వారం’ అని ఎర్ర రంగుతో అందంగా రాసి ఉంది. బయటి వైపు గొళ్లానికి తాళం వేసి ఉంది, నేను పట్టుకుని లాగి చూశాను. బన్స్‌ఫీల్డ్‌లో తాళం లేక, ఇక్కడ తాళం ఉండి. ఈ హాల్లో ఇప్పుడు నాలుగు వందల మంది ఉన్నాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ప్రిన్సిపాల్ గారూ? వాచ్‌మన్ దగ్గరా? ఆయన ఎక్కడున్నారు? టీ తాగడానికి వెళ్లారా? మంచిది. ఎవరైనా ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి ఆయన్ని పిలుచుకురండి. ఎంతసేపట్లో తాళం తీస్తారో నేను ఇక్కడ గడియారం చూస్తాను. ఈలోపు మొదటి ప్రశ్న ఎవరిది?